సీజన్ మొదట్లో గోలీ (గోల్‌కీపర్) తడబడితే తప్పు గోలీదా, రిఫరీదా?

కెనడాలో మా ఎడ్మంటన్‌కి కొత్తగా వచ్చి ఐస్ హాకీ చూడటం మొదలుపెట్టిన ఒకాయన అడిగారు: "అక్టోబర్ మొత్తం మా గోలీ తేలిక షాట్లు వదిలేస్తున్నాడు. గోలీ మీద పడి వేసిన గోల్స్ కూడా రిఫరీలు ఇచ్చేస్తున్నారు. ఎవర్ని తిట్టాలి?"

మా అబ్బాయి గోలీ. కాబట్టి తిట్టే విషయంలో నాకు బాగా అనుభవం ఉంది. నన్నడిగితే మీరు చెప్పిన రెండు తప్పులూ ఒకటే.

రెండేళ్ల క్రితం అక్టోబర్‌లో, ఆదివారం పొద్దున్న ఆరుంబావుకి మ్యాచ్. (ఆ టైమ్ పెట్టే మనిషిని ఒక్కసారి కళ్లారా చూడాలని ఉంది.) వేసవిలో మావాడు రెండంగుళాలు పొడుగు సాగాడు, ప్యాడ్లేమో పాతవే. ఇంకో ఏడాది వస్తాయిలే అనుకున్నాను, వాటి ధర అలాంటిది. బటర్‌ఫ్లైలోకి, అంటే మోకాళ్లు మంచుకి ఆనించి కాళ్లు రెండు పక్కలకీ పరిచే భంగిమలోకి వాలితే మోకాళ్ల దగ్గర సందు కనిపిస్తోంది. ఇక్కడ బంతికి బదులు వాడే పక్ అంటే మూడంగుళాల బిళ్ల, మందం ఒక అంగుళం. దానికి ఆ సందు చాలదూ!

మూడో పీరియడ్, అంటే ఆఖరిది, స్కోరు సమం. ఎవరో దూరం నుంచి మామూలుగా కొట్టారు. ఛాతీకి తగిలిన పక్‌ని పొట్టకి అదుముకోవాల్సింది పోయి ముందుకి వదిలేశాడు. అంతే, నలుగురు పిల్లలు వాడి మీద పడ్డారు. పక్ ఎక్కడుందో కనపడదు, అలాంటప్పుడు రిఫరీ విజిల్ ఊది ఆట ఆపాలి. రిఫరీ పదహారేళ్ల కుర్రాడు, నెట్ పక్కన వంగి చూస్తున్నాడు. విజిల్ వేళ్లకే ఉంది, నోటి దాకా రావట్లేదు. నేను స్టాండ్స్‌లోంచి "ఊదవయ్యా, ఊదు!" అని తెలుగులోనే అరిచాను. ఊదలేదు. పిల్లలందరూ కలిసి మావాణ్ణి పక్‌తో సహా నెట్‌లోకి నెట్టేశారు. గోల్ ఇచ్చేశాడు!

పక్ ఆపిన గోలీని దాంతో పాటు లోపలికి తోస్తే గోల్ చెల్లదు, రూల్ ఉంది. కారులో అదే ఇరవై నిమిషాలు లెక్చర్ ఇచ్చాను. వెనక సీట్లోంచి మావాడు, "నాన్నా, దాన్ని ఆపానో లేదో నాకే తెలీదు, ఆయనకెలా తెలుస్తుంది?" అన్నాడు.

నా సిద్ధాంతం అప్పుడే పుట్టింది. ఫామ్‌లో ఉన్న గోలీ పక్‌ని మింగేస్తాడు, రిఫరీ విజిల్ ఊదుతాడు, గొడవే లేదు. లయ అందని గోలీ రీబౌండ్లు వదులుతాడు, అంటే ఆపిన పక్‌ని మళ్లీ ముందుకి జారవిడుస్తాడు. రీబౌండ్ ఉంటే తోపులాట ఉంటుంది, తోపులాటలో రిఫరీ ఊహించాల్సిందే. పైగా వేసవి సెలవుల తర్వాత రిఫరీల కళ్లకూ తుప్పు పడుతుంది. ఈ మాట ఎవరూ ఒప్పుకోరు.

పెద్దవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో అయితే 2015-16 సీజన్ నుంచి ఇలాంటి గోల్‌ని కోచ్ ఛాలెంజ్ చెయ్యొచ్చు. ఓడితే ఇప్పుడు రెండు నిమిషాల పెనాల్టీ. వీడియో పదిసార్లు వెనక్కి తిప్పి చూసినా సగం మంది గోలంటారు, సగం మంది కాదంటారు. మన ఎల్బీడబ్ల్యూ తంటాలే ఇక్కడా. ఆ గొడవంతా ఇంగ్లీషులోనే వినాలి మనం. పంజాబీ వాళ్లకి 2008 నుంచి సొంత భాషలో హాకీ కామెంటరీ ఉంది. తెలుగులో ఎవరైనా పెడితే నేను ఉచితంగా చేస్తాను.

మీ గోలీ సంగతికొస్తే, 2023 సీజన్‌లో మా ఊరి ఎన్‌హెచ్ఎల్ జట్టు ఆయిలర్స్ మొదటి 13 మ్యాచ్‌ల్లో గెలిచింది మూడు. ఒక గోలీని కింది లీగ్‌కి పంపేశారు, కోచ్ ఉద్యోగం పోయింది. ఇంకో గోలీ స్టువర్ట్ స్కిన్నర్ ఈ ఊరి కుర్రాడే, అతన్నీ ఊరంతా కలిసి తిట్టింది. నేనూ తిట్టాను. ఆ స్కిన్నరే 2024 జూన్ 24న ఎన్‌హెచ్ఎల్ ట్రోఫీ స్టాన్లీ కప్ ఫైనల్లో ఆఖరిదైన ఏడో మ్యాచ్‌లో నెట్ ముందున్నాడు. 2-1తో ఓడిపోయాం అనుకోండి, అది వేరే ఏడుపు. క్రిస్మస్ దాకా గోలీ మీద తీర్పు చెప్పెయ్యకండి.

మావాడికి ఆ వారమే కొత్త ప్యాడ్లు కొన్నాను. నవంబర్‌లో మళ్లీ అదే కుర్రాడు రిఫరీ. ఈసారి పక్ మావాడి ప్యాడ్ కిందికి దొర్లిందో లేదో, విజిల్ ఊదేశాడు. నిజానికి మరీ తొందరగా ఊదాడు, పక్ బయటికి కనిపిస్తూనే ఉంది. నేను నోరు మూసుకుని కాఫీ తాగుతుంటే అవతలి స్టాండ్స్‌లో ఒక సర్దార్జీ లేచి నిలబడి పంజాబీలో అరవడం మొదలుపెట్టాడు.