నవల బాగా పోయిందని ఉద్యోగం మానేసింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి నల్లగొండలో బీఫార్మసీ చదివింది. తను రాసిన క్రైమ్ నవలను పోయిన ఏడాది 45 వేలు పెట్టి 500 కాపీలు వేయించాను. వెల 180 రూపాయలు, షాపుకు 40 శాతం కమిషన్. 340 అమ్ముడుపోయాయి. దాంతో మెడికల్ షాపులో పని మానేసి, రెండో భాగం రాస్తానని ఐదు నెలలుగా ఇంట్లో కూర్చుంది. అయింది రెండు చాప్టర్లు. ఒక పబ్లిషర్ రెండు పుస్తకాలకూ కలిపి 15 వేలు ఇస్తానంటున్నాడు. ఇంకో ఏడాది ఆగమంటారా?

జవాబు: సార్, ముందు ఒక మాట. వెనక ఎవరూ లేకుండా తొలి పుస్తకం 340 కాపీలు పోవడం చిన్న విషయం కాదు. మీరు పంపిన కాపీ ఒక్క రాత్రిలో చదివేశాను, ఊక కుప్ప కింద చెప్పు దొరికే చోట ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు. బిడ్డకు రాయడం వచ్చు. ఉద్యోగం మానేయడం మాత్రం తొందరపాటే.

కమిషన్ పోను కాపీకి మీకు మిగిలేది 108 రూపాయలు, అన్నీ షాపులోనే పోయాయనుకుంటే 36,720. మీరు పెట్టింది 45 వేలు. అంటే ఇంకా ఎనిమిది వేల పైచిలుకు రావాలి, బస్సు చార్జీలు, కొరియర్ లెక్కలోకే తీసుకోలేదు. మంచి పబ్లిషర్ దొరికి పది శాతం రాయల్టీ ఇచ్చాడనుకోండి, ఇదే వెలకు వెయ్యి కాపీలు పోతే 18 వేలు, అదీ ఎప్పుడో ఏడాది చివర. దాని మీద ఇల్లు గడవదు.

ఐదు నెలల్లో రెండు చాప్టర్లే అంటే బద్ధకం అనుకోకండి. మొదటిది షాపు మూసొచ్చాక రాత్రుళ్లు రాసింది, అప్పుడు ఎవరూ ఎదురుచూడలేదు. ఇప్పుడు పెళ్లికి పోయినా, కూరగాయలకు పోయినా "రెండోది ఎప్పుడమ్మా" అంటారు, ఆ టెన్షన్‌కి తోడు రోజంతా ఖాళీ. నేను గ్రూప్స్ కోసమని రెండేళ్లు ఇంట్లో కూర్చున్నవాణ్ణే, పొద్దున చదవాల్సింది మధ్యాహ్నానికి, మధ్యాహ్నానిది రాత్రికి జరుగుతూ పోయేది. అందుకే సగం పూట పనైనా సరే మళ్లీ చేరమనండి. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆసుపత్రి మందుల గదిలో పనిచేస్తూ విషాల గురించి నేర్చుకుంది, తొలి నవల 1920లో వస్తే రెండోది 1922లో వచ్చింది. మీ అమ్మాయి చదివిందీ మందుల చదువే కదా. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఫోరెన్సిక్ ఫార్మసీతో ఎం.ఫార్మ్ ఉంది, ఒకసారి చూడమనండి. మన దగ్గర ప్రభుత్వ ఫార్మసిస్ట్ పోస్టులకు మెడికల్ హెల్త్ బోర్డు నోటిఫికేషన్ ఇస్తుంది, దాని మీదా ఒక కన్నేసి ఉంచండి.

రాత విషయానికొస్తే, కొత్త చాప్టర్ పక్కనపెట్టి ముందు తన పుస్తకం తనే పెన్ను పట్టుకుని చదవాలి. ఎస్సై వయసెంత, కుంటేది ఏ కాలు, మిల్లు ఓనరుకు ఎంతమంది పిల్లలు, అన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించాలి. సీక్వెల్‌లో పాఠకుడు పట్టుకునేది వీటినే. నాకే ఒకటి దొరికింది. కథలో హత్య జరిగింది 2024 దసరాకి, ఎస్సై మాత్రం పాత ఐపీసీ 302 కింద కేసు రాస్తాడు. ఆ ఏడాది జులై 1 నుంచే భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకు ఇప్పుడు సెక్షన్ 103. శవ పంచనామా కూడా పాత సీఆర్‌పీసీ 174 కాదు, దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. తెలిసిన కానిస్టేబుల్‌తోనో కోర్టు గుమాస్తాతోనో ఒక పూట కూర్చుంటే ఇలాంటివి పది దొరుకుతాయి, వాటిలోంచే ఒక చాప్టర్ పుట్టినా పుడుతుంది.

ఇక ఆ 15 వేల సంగతి, నాకు భయం వేసింది ఇక్కడే. షెర్లాక్ హోమ్స్ తొలి నవల హక్కులు మొత్తం కానన్ డాయిల్ 25 పౌండ్లకు రాసిచ్చేశాడు, తర్వాత అది ఎన్ని ముద్రణలు పోయినా దాని మీద ఆయనకు ఇంకేమీ రాలేదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అగ్రిమెంట్‌లో గడువు రాయకపోతే ఐదేళ్లే అని 19వ సెక్షన్ చెబుతుంది. అదే "శాశ్వతంగా", "అన్ని హక్కులూ" అని రాసుంటే సినిమా, వెబ్ సిరీస్, ఆడియో అన్నీ అందులోనే పోతాయి. ప్రింటు హక్కు మాత్రమే, ఇన్నేళ్లకు, ఇంత శాతానికి అని విడివిడిగా రాయించుకోండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, ఇంకా రాయని పుస్తకాన్ని ఇప్పుడే అమ్మాల్సిన అవసరం మీకు లేదు. సంతకానికి ముందు ఎవరైనా వకీలుకు చూపించండి.

మిగిలిన 160 కాపీలు ఇంట్లో బియ్యం బస్తాల పక్కన పెట్టానని ఉత్తరం చివర రాశారు. చెదలు పడతాయి సార్, ఇవాళే అటక మీదికి ఎక్కించండి. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్ పెడతారు, అక్కడ ఎవరిదైనా స్టాల్‌లో కొంచెం చోటు అడిగి అమ్ముకోవచ్చు.