కారుకి గిన్నెల సబ్బు వద్దు అల్లుడూ

చి॥ మేనల్లుడికి మావయ్య దీవించి రాయునది.

కొత్త బండి ఫొటోలు చూశాను. నల్లరంగు బాగా ఎంచావు. మెయింటెనెన్సు కష్టమని నలుగురూ భయపెట్టే ఉంటారు. అందులో కొంత నిజముంది, నలుపు మీద గీత దాగదు. అయితే ఆఖరి ఫొటోలో బానెట్ నిండా నురగ, పక్కన అరుగు మీద గిన్నెలు తోమే లిక్విడ్ సీసా కనబడ్డాయి. మీ అమ్మనడిగితే, "ప్రతి ఆదివారం అదే పోసి తోముతున్నాడు, సీసా అయిపోతే సర్ఫు కలుపుతున్నాడు" అంది. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. భీమవరంలో ఇన్నేళ్లు పెయింటింగ్ షెడ్డు నడిపాను కాబట్టి, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ముందు నీ బండి మీద ఏముందో తెలుసుకో. రేకుకి తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమరు, ఆపైన నువ్వు ముచ్చటపడ్డ నలుపు, అన్నిటికన్నా పైన రంగు లేని క్లియర్ కోటు. ఇవన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, లేదా ఇంకాస్త. అందులో క్లియర్ కోటు వాటా మామూలుగా 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుకంత మందం కూడా ఉండదు. నువ్వు చూసి మురిసిపోయే మెరుపంతా దానిదే. ఎండని, వానని ముందుగా కాసుకునేదీ అదే. దాని మీద మెరుపుకీ రక్షణకీ వ్యాక్స్, అంటే మైనంలాంటి పూత, పెడితే అది ఇంకా పలచన.

మీ తాతయ్య నాటి అంబాసిడర్లకి ఈ క్లియర్ కోటు లేదు. పైనుంచి కింద దాకా ఒకటే రంగు. ఏ సబ్బు పడితే ఆ సబ్బుతో రుద్దేవాళ్లు. పైపొర వెలిసి పొడి రాలితే మాలాంటివాళ్లం కంపౌండు, అంటే గరుకు పేస్టు, పెట్టి అరగదీసేవాళ్లం, కింద మళ్లీ రంగే తేలేది. "మేం సర్ఫుతోనే కడిగాం, ఏమైందీ?" అని మీ వీధిలో పెద్దాయన ఎవరైనా అంటే, ఆయన చెప్పేది ఆ బండి సంగతి.

ఇప్పుడు గిన్నెల లిక్విడ్ గురించి. ఇది క్లియర్ కోటుని తినేస్తుందని చెప్పే వీడియోలు చూసి ఉంటావు. అది అబద్ధం. పీహెచ్ అంటే పులుపుకీ సోడాతనానికీ కొలత, ఉత్తినీళ్లది 7. చాలా లిక్విడ్లది దానికి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది, లేకపోతే మీ అమ్మ చేతులేమవ్వాలి? దాని గొడవ వేరు. చేపల పులుసు గిన్నెకి పట్టిన జిడ్డు వదలగొట్టడానికి తయారైన సరుకది. కారు మీద వ్యాక్స్ కూడా దాని లెక్కలో జిడ్డే. కుంకుడుకాయతో తలంటితే నూనె పోయినట్టే వ్యాక్స్ కూడా పోతుంది. ఒక్క కడుగుడుకే అంతా పోతుందని నేననను. వారం వారం తోమితే మాత్రం నిలవదు. పోయిందో లేదో తెలియాలంటే బానెట్ మీద చెంబుడు నీళ్లు పోసి చూడు. వ్యాక్స్ ఉంటే నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోయి జారిపోతాయి. లేకపోతే పలచగా పరుచుకుని అక్కడే ఉండిపోతాయి. అద్దాల చుట్టూ రబ్బరు బీడింగులకి, బంపరు కింద నల్ల ప్లాస్టిక్కుకి కూడా అదే సబ్బు తగులుతుంది కదా. నిగనిగలాడ్డానికి పైన పట్టించిన డ్రెస్సింగు పూత అంతా వదిలి, రానురాను అవి ఎండి వెలవెలబోతాయి.

ఇంకోటి, ఆ లిక్విడ్లలో చాలావాటికి చిక్కదనం కోసం ఉప్పు కలుపుతారు. దానివల్ల రేపే తుప్పు పట్టదులే, నీళ్లు ధారాళంగా పోస్తే పోతుంది. కానీ మీ మలికిపురంలో సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు చాలదని మళ్లీ మనం డబ్బిచ్చి కొని పొయ్యడం దేనికి?

సర్ఫు పొడి దీనికన్నా అన్యాయం. బట్టల మురికి వదలడానికి అందులో సోడా బాగా కలుపుతారు. నీళ్లలో కలిపితే పీహెచ్ 10 దాటుతుంది. అది అల్యూమినియంకి పడదు. నీ అల్లాయ్ చక్రాల మీద ఎక్కడైనా పూత లేచిందనుకో, అక్కడ మచ్చ తేలుతుంది. ఆ మచ్చ తియ్యడం నావల్ల కూడా కాదు, మళ్లీ పెయింటు కొట్టాల్సిందే. పైగా బట్టలైతే పిండి, రెండు మూడు నీళ్లలో జాడించి ఆరేస్తాం. కారునెవరు జాడిస్తారు? డోరు సందుల్లో, నంబరు ప్లేటు వెనకాల, కంపెనీ గుర్తు అంచుల్లో ఆ నీళ్లు నిలిచి తెల్లగా ఆరిపోతాయి. మర్నాడు చిన్న జల్లు పడితే చాలు, అక్కణ్నుంచి చారలు దిగుతాయి. కరగని పలుకులు గుడ్డకి అంటుకుంటే వాటితోనే బండి రుద్దినట్టు. గిన్నెలు తోమే సబ్బుబిళ్ల అయితే ఇంకా నేరుగా పని కానిస్తుంది, మాడు గీకడానికి అందులో రాతిపొడిలాంటిది కలుపుతారు. మీ పక్క కొబ్బరిపీచుతో చక్రాలు తోమేవాళ్లని కూడా చూశాను. వాళ్ల బళ్లన్నీ చివరికి మా షెడ్డుకే వచ్చాయి.

నురగ చూసి మోసపోకు. నురగ ఎక్కువైతే మురికి బాగా పోతుందనేది బట్టల దగ్గర పట్టుకున్న నమ్మకం. కారుకి కావలసింది జారుడు. దుమ్ము రేణువు గుడ్డకీ రంగుకీ మధ్య నలగకుండా జారి నీళ్లలో పడిపోవాలి. కారు షాంపూలో ఆ జారుడు కోసమే వేరే సరుకు కలుపుతారు. మిగతా తేడాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్కటీ ఒక ఎత్తు. ఎందుకంటే మన డెల్టాలో పడే దుమ్ము మెత్తటి దుమ్ము కాదు. మాసూళ్లప్పుడు రోడ్ల మీదే ధాన్యం ఆరబోస్తారు, ఆ దూగరంతా బళ్ల మీదే వాలుతుంది. రైసుమిల్లు గొట్టం లోంచి ఊక బూడిద రాలుతుంది. ఊకలో సిలికా ఉంటుంది, కాలి బూడిదయ్యాక మిగిలేది ముప్పాతిక పైగా అదే. సిలికా అంటే ఇసుకలో ఉండేదే. ఆ బూడిద పడ్డ బండిని పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచి ఎండలోకి తెచ్చి చూడు, రంగులో మెరిసే సూర్యుడి నీడ చుట్టూ గుండ్రంగా సన్నగీతలు కనబడతాయి. ఉదయాన్నే ఆఫీసుకెళ్లే ముందు దులిపే ఆ పక్షి ఈకల కుంచె ఉందే, అది కూడా పక్కన పెట్టు.

నీళ్ల మాట. మీ ఊరి బోరు నీళ్లు ఉప్పన, పైగా చుట్టూ రొయ్యల చెరువులు. ఆ నీళ్లు బండి మీదే ఆరితే ఉప్పూ సున్నమూ తెల్లమచ్చలై కూర్చుంటాయి, ఎండ తగిలితే గట్టిపడతాయి. కాలవ నీళ్లు నయం. అలాగని బండిని రేవులోకి దించకు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ కాలవలే నేటికీ మన పొలాలకీ మంచినీళ్ల చెరువులకీ ఆధారం. ఆ నీళ్లలో నీ ఇంజను ఆయిలు కలపడం నాకు నచ్చదు. డ్రమ్ముకి పట్టి తెచ్చుకో. వరదలప్పుడు ఎర్రనీరు వస్తే ఒండ్రంతా అందులోనే ఉంటుంది, రాత్రంతా కదపకుండా ఉంచి పైనీళ్లు మాత్రం తీసుకో. వేసవిలో కాలవలు కట్టేశాక బోరే గతి. అప్పుడు నీళ్లు ఆరకముందే తుడిచెయ్యి.

కడిగే పద్ధతి పెద్ద విద్య కాదు. పొద్దున్నే నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు మొదలెట్టు. ముందు ఉత్తినీళ్లు బాగా కొట్టి దుమ్ము దించెయ్యి. రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాంట్లో సీసా మీద రాసినంత షాంపూ, రెండోదాంట్లో ఉత్తినీళ్లు. మైక్రోఫైబర్ గుడ్డ షాంపూలో ముంచి పైకప్పు నుంచి కిందకి తుడువు, ప్రతిసారీ ఉత్తినీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో పెట్టు. చక్రాలు ఆఖర్న, వేరే గుడ్డతో. ఆ గుడ్డ మళ్లీ బానెట్ దగ్గరకి రాకూడదు. తర్వాత కడిగి, వేరే పొడి మైక్రోఫైబరుతో ఒత్తి తడి తియ్యి, రుద్దకు. షాంపూ అయిపోయిన ఆదివారం ఉత్తినీళ్లతోనే కానివ్వు, వంటింట్లోకి వెళ్లకు. వ్యాక్స్ మూడు నెలలకోసారి చాలు.

మీ దారిలో రొయ్యల వ్యాన్లు ఎక్కువ. వాటి లోంచి కారే ఐసునీళ్లు రోడ్డంతా చిమ్ముతుంటాయి, చించినాడ వంతెన దాటేలోపే నీ బండి అడుగున పడతాయి. అడుగుభాగం, చక్రాల పైనున్న గుమ్మటాల లోపల పైపు పెట్టి కొట్టు, అక్కడికి షాంపూ కూడా అక్కర్లేదు. కాలవ గట్టు నిద్రగన్నేరు చెట్ల కింద ఆపితే కొంగలు రెట్టలు వేస్తాయి. వాటిని గీకకు, తడిగుడ్డ వేసి కాసేపు నాననిచ్చి ఎత్తెయ్యి. ఎండలో రోజంతా వదిలేస్తే క్లియర్ కోటు మీద ముద్ర పడుతుంది. కొబ్బరిచెట్టు కింద ఆపావో, ఇక నా అవసరం ఎలాగూ పడుతుంది.

గిన్నెల లిక్విడ్‌కి బండి దగ్గర ఒక్క పనుంది, పాలిష్ పట్టే ముందు పాత వ్యాక్స్ తీసెయ్యడం. నేనూ అందుకు వాడాను. ఇప్పటిదాకా పడిన గీతలకి మిషను పాలిష్ పెడితే చాలావరకు పోతాయి. అయితే పాలిష్ అంటే క్లియర్ కోటుని పిసరంత అరగదీయడమే కాబట్టి ఏడాదికోసారి అడిగితే పెట్టను. సంక్రాంతికి ఎలాగూ వస్తారు, కనుమ వెళ్లిన మర్నాడు బండి షెడ్డులో ఒక పూట వదులు. ఈలోపు కొత్తగా వ్యాక్స్ కొని పెట్టకు, పాలిష్‌కి ముందు ఎలాగూ తీసెయ్యాల్సిందే.

ఇట్లు,
మీ మావయ్య