మనం పూర్తిగా చెప్పకపోయినా చాట్‌బాట్‌కు మన పని ఏమిటో ఎలా తెలుస్తుంది?

కచ్చితంగా తెలియదు, మనకు ఏం కావాలో కొన్ని ఊహలు పెట్టుకుని, ఒక్కోదానికీ ఎంత అవకాశం ఉందో లెక్కగట్టి, మనం అనే ప్రతి మాటతో ఆ లెక్కను సవరించుకుంటూ పోతుంది. ఒకే ఊహను పట్టుకుంటే కుదరదు. జనం సగం సగం చెబుతారు, మధ్యలో మనసు మార్చుకుంటారు, ఫోన్‌లో అయితే సిస్టమ్ తప్పుగా వినొచ్చు కూడా.

టికెట్లు బుక్ చేసే సిస్టమ్‌తో "రేపు ఎనిమిదింటి రైలు" అన్నారనుకోండి. పొద్దునా, రాత్రా? రెండు ఊహలూ అలాగే ఉంచుకుంటుంది. "పదకొండింటికల్లా ఆఫీసులో ఉండాలి" అనగానే లెక్క పొద్దుటి రైలు వైపు మొగ్గుతుంది. అయినా డబ్బు కట్టించే ముందు "పొద్దున ఎనిమిదేనా?" అని ఒకసారి అడగడమే మంచిది. ఎప్పుడు అడగాలి, ఎప్పుడు అడక్కుండా కానిచ్చెయ్యాలి అన్నదే ఇందులో అసలు చిక్కు.

ఇప్పటి చాలా చాట్‌బాట్‌లను నడిపే పెద్ద లాంగ్వేజ్ మోడళ్లలో (బోలెడంత రాతను చూసి భాష నేర్చుకున్న ప్రోగ్రాములు) ఈ లెక్క సాధారణంగా విడిగా పట్టికలా కనిపించదు, లోపలే కలిసిపోయి ఉంటుంది.

మన గురించి సిస్టమ్ పెట్టుకునే ఇలాంటి అంచనాను యూజర్ మోడల్ అంటారు. అదంటే మన పేరు, వయసు, పాత కొనుగోళ్ల చిట్టా అని చాలామంది అనుకుంటారు. అవి ఉంటే సాయపడతాయి, అంతే. ఎక్కువ ఆధారం ఇప్పుడు జరుగుతున్న సంభాషణలోనే దొరుకుతుంది. మొదటిసారి మాట్లాడేవాళ్ల పని కూడా అందుకే అవుతుంది.