సంతకం పెట్టే ముందు టైమ్ చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ వాలీబాల్ లీగ్ ప్రసార హక్కుల కోసం రెండు ఛానళ్లు వచ్చాయని, ఎక్కువ ఇస్తానన్నవాళ్లకే ఇచ్చేద్దామని కమిటీ అంటోందని నిన్న ఫోన్లో చెప్పావు. రాత్రంతా నాకు అదే ఆలోచన. ముప్పై ఏళ్లు పీఈటీగా పనిచేశాను. టీవీలో ఏ ఆట వస్తే పిల్లలు అటు ఎలా పరిగెత్తుతారో గ్రౌండ్‌లో నిలబడి చూశాను.

ఒకప్పుడు కబడ్డీ టీమ్‌కి పన్నెండు మందిని పోగుచేయడానికి క్లాసు క్లాసుకీ తిరిగేవాణ్ణి. 2014 జూలైలో ప్రో కబడ్డీ మొదలైంది. ఒకటి రెండేళ్లకే పిల్లలు నాకంటే ముందు గ్రౌండ్‌లో ఉండేవాళ్లు. ఒకడు రైడ్‌కి వెళ్తే గీత బయట ఉన్నవాళ్లు ముప్పై నుంచి వెనక్కి లెక్కపెట్టేవాళ్లు. తెలుగు టైటాన్స్ రాహుల్ చౌదరిలా తొడ కొట్టేవాళ్లు. ఇవేవీ నేను నేర్పలేదు. మొదటి సీజన్‌ని 43.5 కోట్ల మంది చూశారని అప్పట్లో పేపర్లు రాశాయి. స్టార్ దాన్ని రాత్రి అందరూ టీవీ ముందుండే వేళ వేసింది. తర్వాత ఆ లీగ్ నడిపే కంపెనీలోనే పెద్ద వాటా కొంది. హక్కులు కొన్న ఛానల్ వేరు, ఆటలో వాటా ఉన్న ఛానల్ వేరు. వాటా ఉన్నవాడు ఆటని మూలన పడేయడు. అందుకే మొత్తం డబ్బు ముందే తీసుకునే బదులు కొంత తగ్గించుకుని, యాడ్స్ ఆదాయంలో ఇద్దరికీ వాటా ఉండేలా అడిగి చూడు.

ఇంగ్లండ్ క్రికెట్ సంగతి మీ కమిటీకి వివరంగా చెప్పు. 2005 యాషెస్, అంటే ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడే టెస్ట్ సిరీస్, ఉచితంగా వచ్చే ఛానల్ 4లో వచ్చింది. ట్రెంట్ బ్రిడ్జ్ టెస్ట్‌ని ఒక దశలో 84 లక్షల మంది చూశారు. ఊరూరా క్రికెట్ మాటే. కానీ అప్పటికే బోర్డు తర్వాతి ఏడాది నుంచి హక్కుల్ని స్కైకి అమ్మేసింది. అది నెలనెలా డబ్బు కడితేనే వచ్చే ఛానల్. 2009లో మళ్లీ యాషెస్ గెలిచారు, కానీ ఏ దశలోనూ చూసినవాళ్లు 20 లక్షలు దాటలేదు. స్కై డబ్బు వృథా అయిందని నేననను, ఆటకి అది చాలా ఉపయోగపడింది. కానీ ఇంట్లో స్కై లేని పిల్లాడికి క్రికెట్ కనిపించకుండా పోయింది. చివరికి బోర్డే 2020 నుంచి మొదలయ్యే ఒప్పందంలో స్కైతో పాటు ఉచితంగా వచ్చే బీబీసీని కూడా చేర్చుకుంది.

నా అనుభవం కూడా విను. చాలా ఏళ్ల కిందట మా జిల్లా టోర్నమెంట్‌ని ఒక లోకల్ ఛానల్‌కి ఇచ్చాం. డబ్బు బాగానే ఇచ్చారు. ప్రసారం ఎప్పుడంటే, అగ్రిమెంట్‌లో 'ఛానల్ వీలునుబట్టి' అని ఒక్క ముక్క ఉంది. ఫైనల్‌ని రాత్రి పదకొండున్నర దాటాక వేశారు. మా కెప్టెన్ వాళ్ల అమ్మ పక్కింటి టీవీ ముందు కూర్చుని కూర్చుని అక్కడే నిద్రపోయింది. మర్నాడు ఆ అబ్బాయి మొహం నాకింకా గుర్తే. ఫుటేజ్ అడిగితే అదీ వాళ్లదేనన్నారు.

కాబట్టి ఏ రోజు, ఎన్ని గంటలకు, లైవ్ అవునా కాదా, అన్నీ అంకెలతో సహా రాయించు. తెలుగు కామెంటరీ తప్పనిసరి అను. క్లిప్స్ మీరు ఫోన్లలో పంచుకునే హక్కు వదులుకోకు, ఇప్పటి పిల్లలు ఆటని ముందు అక్కడే చూస్తారు. మొదటిసారి రెండేళ్లకి మించి రాసివ్వకు. కనీసం ఫైనల్ అయినా డీడీ ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో కూడా కనపడుతుందా అని అడుగు.

రెండు ఛానళ్ల రేట్ల మధ్య తేడా ఎంతో నువ్వు చెప్పలేదు. రేపు చెప్పు. ఎక్కువ మంది చూస్తారంటే స్పాన్సర్లు కూడా చెయ్యి కాస్త వదులు చేస్తారు. ఆ తేడాని వాళ్ల దగ్గర ఎంతవరకు రాబట్టవచ్చో ఇద్దరం కూర్చుని లెక్కేద్దాం. అప్పటిదాకా సంతకం పెట్టకు.

మీ మామయ్య