హైడ్రోజన్ కోసం మిద్దెను ఖాళీగా ఉంచకు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

దేవరకొండ ఇంటికి స్లాబు పడిందని చెల్లె ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కానీ సోలార్ ఇప్పుడే వద్దని, నాలుగేండ్లు ఆగితే హైడ్రోజన్ ఫ్యుయల్ సెల్ (హైడ్రోజన్‌ను గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు చేసే పెట్టె) వస్తుందని, రెండూ కలిపి ఒకేసారి పెట్టిస్తానని అన్నావట. అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. కరెంటు పనిలోనే నా సర్వీసంతా గడిచింది. అందుకే చెప్తున్నా, ఆగకు.

ఫ్యుయల్ సెల్ అబద్ధమని కాదు. బ్రిటన్ శాస్త్రవేత్త విలియం గ్రోవ్ 1839 ప్రాంతంలోనే చేసి చూపించాడు. 1965లో అమెరికా జెమిని వ్యోమనౌకకు కరెంటు ఇచ్చింది అదే. జపాన్‌లో 2009 నుంచి ఎనె-ఫార్మ్ పేరుతో ఇళ్ళకే అమ్ముతున్నారు, లక్షల ఇళ్ళలో ఉంది. అయితే అక్కడ దానికి పెట్టేది పైపు గ్యాసో, ఎల్పీజీయో. అందులోంచే హైడ్రోజన్ తీసుకుంటుంది. కరెంటుతో పాటు పుట్టే వేడితో స్నానాలకు నీళ్ళు కాగుతాయి. ఆ వేడి కూడా వాడుకుంటేనే లెక్క గిట్టుబాటు. మన దగ్గర మే నెలలో ట్యాంకు నీళ్ళే చెయ్యి పెట్టనివ్వవు, ఇంకా వేడి ఏం చేసుకుంటాం? 2010లో అమెరికాలో ఫ్యుయల్ సెల్ కంపెనీ బ్లూమ్ ఎనర్జీ అధిపతి కె.ఆర్. శ్రీధర్ తమ పెట్టె అయిదు, పదేండ్లలో మూడు వేల డాలర్ల లోపే ఇంటింటికీ చేరాలని ఆశపడ్డారు. ఇప్పుడు వాళ్ళ పెట్టెలు డేటా సెంటర్లకు పోతున్నాయి.

ఇక మిద్దె మీది సోలార్‌తోనే హైడ్రోజన్ చేసుకుందామన్న నీ ఆలోచన. నీళ్ళను కరెంటుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైనే పడుతుంది. దాన్ని ఫ్యుయల్ సెల్‌లో పెడితే తిరిగి చేతికొచ్చేది 16, 17. అదే 50 యూనిట్లు బ్యాటరీలో పెడితే 40కి పైనే వస్తాయి. పైగా ఆ కిలోకు 9 లీటర్ల శుద్ధమైన నీళ్ళు కావాలి. మన బోరు నీళ్ళకు హీటర్ రాడ్డు మీద తెల్లటి పెచ్చు ఎట్లా కడుతుందో చూశావు కదా, ఆ నీళ్ళు నేరుగా పోస్తే హైడ్రోజన్ తీసే యంత్రం, అంటే ఎలక్ట్రోలైజర్, బతకదు. తక్కువ చోటులో దాచాలంటే గాలి ఒత్తిడికి వందల రెట్లు తట్టుకునే సిలిండర్ ఉండాలి. లీకయితే వాసన రాదు, అంటుకుంటే పగటి వెలుతురులో మంట కూడా సరిగ్గా కనబడదు. పిల్లలు తిరిగే ఇంట్లో అది పెట్టడానికి నా మనసు ఒప్పదు.

ఎరువులు, ఉక్కు ఫ్యాక్టరీల్లో హైడ్రోజన్‌కు నిజంగా పని ఉంది. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలిమర లాంటి కరెంటుతో తీసేది) మిషన్‌కు ఆమోదం ఇచ్చింది. అది గెలవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నా. దాని కోసం నీ ఇల్లు ఎదురుచూడనక్కర్లేదు.

ముందు పాత ఇంటి ఏప్రిల్, మే బిల్లుల్లో యూనిట్లు చూడు. మూడు కిలోవాట్లు పెడితే మంచి ఎండ రోజున 12 యూనిట్ల దాకా వస్తాయి, 300 చదరపు అడుగుల మిద్దె చాలు. 2024లో మొదలైన కేంద్రం మిద్దె సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద దానికి 78,000 రూపాయల సబ్సిడీ పెట్టారు. ప్లాస్టరింగ్ కాకముందే మిద్దె నుంచి మీటరు దాకా గోడలో వైర్ల కోసం ఒక పైపు వేయించు, తర్వాత గోడ పగలగొట్టే పని ఉండదు.

ఇంకో సంగతి అమ్మేవాళ్ళు తరచూ చెప్పరు. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటును లైనుకు కలిపే పెట్టె) లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, నడి మధ్యాహ్నం అయినా సరే. అది లోపం కాదు. స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కు నీ ఇంటి నుంచి వెనక్కి కరెంటు కొట్టకూడదని అట్లా చేశారు. దాన్ని తప్పించే అడ్డదారి ఎవడైనా చెప్తే గడప తొక్కనివ్వకు. కరెంటు పోయినా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీతో కూడా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ అడుగు.

ఎవరైనా వచ్చి ఇంటి ఫ్యుయల్ సెల్‌కు అడ్వాన్సు అడిగితే, హైడ్రోజన్ ఎక్కడి నుంచి తెస్తావు, ఎన్ని యూనిట్లు పోస్తే ఎన్ని వస్తాయి, ఎన్ని గంటల గ్యారంటీ, చెడిపోతే దేవరకొండకు ఎవరొస్తారు అని అడుగు. కాగితం మీద రాసివ్వనిదే రూపాయి కూడా ఇవ్వకు.

తూర్పు పక్క వేపచెట్టు నీడ మిద్దె మీద ఎంతవరకు పడుతుందో ఉదయం తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి ఫొటోలు తీసి పంపు. ప్యానెళ్ళు ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టి పంపిస్తా.

ఇట్లు
నీ మామ