తక్కువ ఖర్చులో ఇంట్లోనే రెస్టారెంట్ రుచి వచ్చే ఫ్రైడ్ రైస్ ఎలా చేయాలి?

దీనికి ఖరీదైన సాసులు అక్కర్లేదు, మంట బాగా ఉండాలి. మూకుడు సన్నగా పొగ వచ్చేదాకా కాలాలి. అన్నీ ఒకేసారి వేస్తే వేడి పడిపోయి కూరగాయలు నీరు వదిలేస్తాయి, ఇక వేగవు. అందుకే విడతలుగా వేయండి. ముందురోజు వండి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నమైతే మెతుకు మెతుకు విడివిడిగా వస్తుంది.

చికెన్ నలుగురికీ పావు కిలో చాలు, మిగతాది క్యాబేజీ, క్యారెట్, గుడ్లు. చికెన్ ముక్కల్ని పీచుకు అడ్డంగా సన్నగా కోసి చెంచా కార్న్‌ఫ్లోర్, చెంచా సోయా సాస్, కాస్త నూనె పట్టించి 20 నిమిషాలు ఉంచండి. పిండి పొరలా పట్టుకుని లోపలి తడిని ఆపుతుంది, ముక్క మెత్తగా ఉంటుంది. సాసుల్లో ప్రత్యేకంగా కొనాల్సింది సోయా సాస్ ఒక్కటే. చివర్లో దాన్ని అన్నం మీద కాకుండా మూకుడు అంచున పోయండి. చుర్రుమన్నప్పుడు వచ్చే ఆ వాసన నాకు భలే ఇష్టం.