జీఎస్టీ నంబరు ఉంటే ఫర్మ్ రిజిస్టరైనట్టు కాదు

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకుడి ప్రశ్న. ఊరి స్నేహితుడితో కలిసి రెండేళ్లుగా క్యాటరింగ్ నడుపుతున్నారు. ఒక కంపెనీ 6 లక్షలు బాకీపడి ఇవ్వడం లేదు. దానిమీద కేసు వేస్తూ, ఈలోగా కిరాణా బాకీ తీర్చడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తేవచ్చా అని అడిగారు. ‘జీఎస్టీ ఉంది, అగ్రిమెంటు నోటరీ చేయించాం, కాబట్టి ఫర్మ్ రిజిస్టరైంది’ అని కూడా రాశారు.

కాలేదండీ! చాలామంది ఇలాగే అనుకుంటున్నారు కాబట్టే మీ ప్రశ్న తీసుకున్నాను. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదైతేనే అది రిజిస్ట్రేషన్. 1932 నాటి భాగస్వామ్య చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ 69వ సెక్షన్ ప్రకారం, నమోదు కాని ఫర్మ్ ఒప్పందం మీద రావాల్సిన డబ్బు కోసం బయటివాళ్లపై దావా వేయలేదు. మీ కిరాణా వ్యాపారి మాత్రం మీమీద నిక్షేపంగా వేయొచ్చు. రేపు స్నేహితుడే లెక్క తేల్చనంటే, ఫర్మ్ రద్దు చేయమనీ లెక్కలు చెప్పమనీ తప్ప ఒప్పందం ప్రకారం నా వాటా ఇవ్వమని మీరూ కోర్టుకెక్కలేరు.

దావా వేశాక రిజిస్టర్ చేయిస్తే ఆ దావా నిలబడదు. ముందే చేయించి, గడువులోగా, అంటే సాధారణంగా మూడేళ్లలోపు వేయండి. దరఖాస్తు మీద భాగస్వాములంతా సంతకం పెట్టాలి, కాబట్టి ఇద్దరి మధ్య మాటలున్నప్పుడే ఆ పని ముగించండి.

ఇక ఆ అప్పు సంగతి. వద్దు. నెలకు 12 వేలు వడ్డీకే పోతాయి, కంపెనీ ఎప్పుడిస్తుందో తెలియదు, కోర్టు ఎప్పుడు తేలుస్తుందో అంతకన్నా తెలియదు. పైగా ఫర్మ్ అప్పు మొత్తాన్ని ఒక్క మీ దగ్గరే వసూలు చేసుకునే హక్కు అప్పిచ్చినవాడికి ఉంటుంది, స్నేహితుడు చేతులెత్తేస్తే మీ ఇల్లు, బంగారం దాకా వస్తుంది. ఇంత తెలిసీ మూడు రూపాయల వడ్డీకి ఎలా సిద్ధపడతారు?

ఒక్క బిల్లు ఆగితే వ్యాపారం ఊగిపోతోందంటే అత్యవసర నిధి లేదన్నమాట. రెండేళ్లలో లాభం పంచుకున్న ప్రతిసారీ కొంత పక్కన పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసేవారే కాదు. షాపు అద్దె, వంటవాళ్ల జీతాలు, సరుకులు మూడు నెలలకు సరిపడా ఫర్మ్ ఖాతాలో, ఇంటి ఖర్చు ఆరు నెలలది విడిగా మీ ఖాతాలో ఉండాలి. అది నిండేదాకా కొత్త స్కూటరూ వద్దు, రెండో బ్రాంచీ వద్దు. ఎల్‌ఎల్‌పీగా, అంటే భాగస్వాముల బాధ్యత పరిమితంగా ఉండే సంస్థగా మారడం గురించి తర్వాత ఆలోచించవచ్చు.

ప్రస్తుతానికి కిరాణా ఆయన దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి, వాయిదాలు రాసిచ్చి, మొదటి వాయిదా అక్కడే కట్టండి. బకాయి తీరేదాకా ఆ కంపెనీకి అరువు భోజనాలు ఆపేయండి.